మూడో వరస

ఫిబ్రవరి 6, 1978

ల్యాబు పుస్తకం ఇంగ్లీషులో, మొక్కల కోసం. అందులో మనుషుల గురించి ఒక్క ముక్క రాసినా మా గైడ్ డాక్టర్ మాథుర్ ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తారు. అందుకని ఈ డైరీ.

మామయ్యగారు వచ్చి వారం దాటింది. లక్ష్మీపతే వెళ్ళి తీసుకొచ్చి, ఈ ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లో నాకు అప్పజెప్పి, సెలవు అయిపోయిందని అస్సాంలో తన పటాలానికి వెళ్ళిపోయాడు. (మొగుడి పేరు పైకి అనను. ఇక్కడ రాసుకుంటే అడిగేవాళ్ళు లేరు.) రైలెక్కే ముందు ఒకటే చెప్పాడు. నాన్నని కనిపెట్టుకుని ఉండు, ఆ ఊరు ఇప్పుడు మనుషులుండేలా లేదు, అని.

నవంబరు ఉప్పెనలో దివిసీమలో మా అత్తవారి ఊరు ఊరంతా నీళ్ళ కిందికి పోయింది. అత్తయ్య నాగేశ్వరమ్మగారు దొరకలేదు. గేదెలు దొరికాయి, పక్క ఊరి చేలో, చచ్చి. మామయ్యగారు తాడిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉన్నారట. ఆ సంగతి లక్ష్మీపతి చెప్పాడు. దాని గురించి ఆయన నోటి నుంచి ఇంతవరకూ ఒక్క మాట రాలేదు.

వెంట తెచ్చుకున్నవి ఒక చేతిసంచీ, తువ్వాలులో మూటగట్టిన పొలం మట్టి. మూట నా ముందు పెట్టి, "నువ్వు మట్టి చదువేగా చదివేది అమ్మాయ్. ఈ ఏరువాకకి నాట్లు పడతాయో లేదో చూసి చెప్పు. పడతాయంటే పోతాను" అన్నారు.

చూస్తానన్నాను.

ఫిబ్రవరి 10

మొక్కజొన్న విత్తాను. ఉత్త ఇసుకలో. ఆ ఇసుకను యాసిడ్‌తో కడిగి, మళ్ళీ మళ్ళీ నీళ్ళతో కడిగి, నా చేతులు బీటలు వారాయి. అందులో మొక్కకు తిండి అంటూ ఏమీ ఉండకూడదు. తిండంతా నేను కలిపి పోసే ద్రావణమే.

కుండీలు నాలుగు వరసలు. మొదటి రెండూ కొత్త రకం, తర్వాతి రెండూ పాత రకం. ఒకటీ నాలుగూ అన్నీ తింటాయి. రెండూ మూడూ మెగ్నీషియం తప్ప అన్నీ తింటాయి. ఆ ఒక్క లోటును ఏ రకం ఎక్కువ ఓర్చుకుంటుందన్నది నా థీసిస్. చుట్టాలకు ఇంతకంటే ఎక్కువ చెప్తే ఆవులిస్తారు.

పోయినేడు మా కుండీలుండే, చుట్టూ తీగవల కట్టిన వైర్‌హౌస్ జాలీ తలుపు ఎవరో తీసిపెడితే కోతులొచ్చి పంటంతా పీకేశాయి. ఈ సెప్టెంబరుతో ఫెలోషిప్ అయిపోతుంది. ఇది చెడితే చదువు అటకెక్కినట్టే. లక్ష్మీపతి ఏమీ అనడు, అదే బాధ.

ఫిబ్రవరి 14

ఇవాళ బియ్యం కడిగి ఆ కడుగు తూములో పోయబోతుంటే మామయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. కడుగు పారబోస్తారా ఎక్కడన్నా, అన్నారు. పాడి ఉన్న ఇంట్లో కడుగు కుడితి తొట్టిలోకే పోవాలి, ఆ మాత్రం నాకూ తెలుసు. కాపరానికి వెళ్ళిన కొత్తలో ఇలాగే పారబోస్తే అత్తయ్యగారు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నారు. గొడ్డు నోటి దగ్గరిది తీసి మట్టిలో పోశావు అన్నారు. అయినా ఇది ఢిల్లీ. ఇక్కడ తాగే గేదె ఎక్కడుంది మామయ్యా అన్నాను.

అని నాలుక కరుచుకున్నాను. ఆయన గిన్నె తీసుకెళ్ళి పెరట్లో నీడన పెట్టి మూత వేశారు. సాయంత్రానికి ఇల్లంతా పులిసిన వాసన.

ఫిబ్రవరి 17

అన్నం వండే పని మామయ్యగారు తీసుకున్నారు. వద్దన్నాను గాని గట్టిగా అనలేదు. ల్యాబు నుంచి వచ్చేసరికి గుమ్మంలో లైటు, పొయ్యి మీద అన్నం. లక్ష్మీపతి ఫీల్డుకి వెళ్ళినప్పటి నుంచి ఈ ఇంట్లో నేను తాళం తీసి లోపలికి రాని రోజు ఇంతవరకూ లేదు.

ఫిబ్రవరి 24

మామయ్యగారి మట్టి పరీక్ష చేశాను. అనుకున్నట్టే ఉంది. ఉప్పు. కాల్షియం కంటే మెగ్నీషియం ఎక్కువ, సముద్రపు నీళ్ళ తీరే అంత. ఇక్కడ నేను రవ్వంత మెగ్నీషియం తగలకూడదని ఇసుకను యాసిడ్‌తో తోముతున్నాను. అక్కడ ఆయన పొలంలో అది పొమ్మన్నా పోకుండా కూర్చుంది.

చచ్చిన నేలేం కాదు. గట్లు బలంగా వేసి, జిప్సం చల్లి, కాలవ నీళ్ళు నిలబెట్టి ఉప్పును కిందికి దించేస్తే రెండు మూడేళ్ళలో దారికొస్తుంది. మొదటేడే ఎంతోకొంత పండినా ఆశ్చర్యం లేదు. అయితే తొలి వానలకు ముందే గట్లు పడాలి.

ఈ మాట చెప్తే రేపే సంచీ సర్దుతారు. దగ్గు ఇంకా తగ్గలేదు, మోకాళ్ళు పట్టేశాయి, ఆ ఊళ్ళో ఇంటికి కప్పు లేదు. కనిపెట్టుకోమని లక్ష్మీపతి అన్నాడు. కాబట్టి ఇప్పుడు చెప్పను. ఇంకోసారి పరీక్ష చేసి చెప్తాను. ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదని డాక్టర్ మాథుర్ కూడా అంటారు.

ఫిబ్రవరి 25

అడిగారు. ఇంకా కాలేదన్నాను.

మార్చి 4

వైర్‌హౌస్ బేల్దారును (నీళ్ళు మోసే కూలీని) నమ్మలేను. డిస్టిల్డ్ వాటర్ మోయడం బద్ధకమై కుళాయి నీళ్ళు పోసేస్తాడు. ఢిల్లీ నీళ్ళలో లేని ఖనిజం లేదు. అందుకని పోయిన వారం మామయ్యగారిని పిలిచాను. రోజంతా గోడలు చూస్తూ కూర్చునే బదులు ఆయనకూ పొద్దుపోతుంది.

డిస్టిల్డ్ వాటర్ పుడిసెడు నోట్లో పోసుకుని ఉమ్మేశారు. ఇవి నీళ్ళా, అన్నారు. ఇందులో ఏమీ లేదు మామయ్యా, ఏమీ లేకపోవడమే కావాలి అన్నాను. రెండో వరసా మూడో వరసా కావాలనే మాడుస్తున్నానని, అవి పసుపెక్కితే కంగారు పడొద్దని, వాటికి ఇంకేమీ తగలకూడదని వివరంగా చెప్పాను. విని తలూపారు. అంత వివరంగా నేను సెమినార్లో కూడా చెప్పను.

పొద్దున నేను ముందు వచ్చేస్తాను. మధ్యాహ్నం ఆయన నారాయణా స్టాపులో బస్సు దిగి క్యారియరు పట్టుకొస్తారు, దాంతో ఒక మూత చెంబు. మజ్జిగ కాబోలు. నన్ను తినమని ల్యాబులో కూర్చోబెట్టి తను వెళ్ళి నీళ్ళు పోసొస్తారు. హిందీలో మాట్లాడటం కూడా మొదలెట్టారు. అచ్ఛా, ఠీక్ హై, అంతే, కానీ కండక్టర్లందరికీ ఆయన తెలుసు. మామయ్యగారు కుదురుకున్నారు.

మార్చి 13

మూడో వరస పసుపెక్కింది. కింది ఆకుల్లో మొదలైంది. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి వాటి మధ్య చారలు చారలుగా పాలిపోవడం. పుస్తకంలో బొమ్మ వేసినట్టు వచ్చింది. రెండో వరసలో ఇంకా లేదు. పాత రకానికి ఓర్పు లేదన్నమాట.

పైవి పచ్చగా ఉండి కిందివే ఎందుకు పోతున్నాయని మామయ్యగారు అడిగారు. చెప్పాను. ఆకు పచ్చదనం మెగ్నీషియం లేకుండా తయారు కాదు. వేళ్ళకు అది అందకపోతే ముదురాకు తనలో ఉన్నది ఊడదీసి లేతాకుకు పంపేస్తుంది. పంపి, తను ఎండుతుంది.

చాలాసేపు ఆ ఆకు పట్టుకుని చూశారు. "మీ అత్తయ్య వడ్డించినట్టుంది" అన్నారు.

నేను చారల కొలతలు రాసుకున్నాను. నీడన కూర్చోమని ఆయనకు స్టూలు వేశాను.

మార్చి 15

మట్టి సంగతి అడిగారు. దానికి కావలసిన రసాయనం అయిపోయిందన్నాను.

అయిపోలేదు.

మార్చి 25

హోలీ. పక్క క్వార్టర్ పిల్లలు గేటు దగ్గర మామయ్యగారి మీద బకెట్టెడు నీళ్ళు కుమ్మరించారు. ఆయన గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. వేళ్ళు విడదీయడం నా వల్ల కాలేదు. పిల్లలు భయపడి పారిపోయారు. వాళ్ళమ్మ వచ్చి మాఫ్ కర్నా బాబూజీ అని గుజియాలు, మన కజ్జికాయల్లాంటివి, ఇచ్చిపోయింది. పొడి బట్టలు ఇచ్చాను, టీ పెట్టాను. గుజియా ఒకటి తిన్నారు.

బాగానే ఉన్నారు.

మార్చి 30

మూడో వరసలో పసుపు ఆగింది. నాలుగు రోజులుగా ఒక్క చార కూడా పైకి ఎక్కలేదు. కొత్తగా వచ్చిన ఆకులు నిగనిగలాడుతున్నాయి. రెండో వరస మాత్రం ఇప్పుడు పద్ధతి ప్రకారం పాలిపోతోంది. ఇదేం చోద్యం?

మూడో వరసకు చీమలు కూడా పట్టాయి. గమాక్సిన్ చల్లించాలి.

ఏప్రిల్ 3

నీళ్ళ మీద అనుమానం వచ్చి, డిస్టిల్డ్ వాటర్ కాచే స్టిల్ దగ్గరుండే కిషన్‌లాల్‌తో పేచీ పెట్టుకున్నాను. కుళాయి నీళ్ళు కలుపుతున్నావా అని అడిగాను. ఇరవయ్యేళ్ళుగా ఈ స్టిల్ నాది మేడమ్‌జీ, మా ఇంట్లో పాలలో కూడా నీళ్ళు కలపనివ్వను అన్నాడు. నీళ్ళు పరీక్ష చేశాను. శుభ్రంగా ఉన్నాయి. అతనికి సారీ చెప్పాను. మొహం తిప్పుకున్నాడు.

ఇసుక కూడా చూశాను, వాడని మూటలోంచి తీసి. శుభ్రం. లవణాల డబ్బాలూ శుభ్రం. అవి చెడితే రెండో వరస కూడా బాగుపడాలిగా. బాగుపడింది పాత రకం ఒక్కటే. ముందు జబ్బుపడి, తర్వాత తనే దారి వెతుక్కుంది.

అలాంటి మొక్క ఉండకూడదని ఎక్కడ రాసుంది?

ఏప్రిల్ 8

ఉగాది. వేపపువ్వు మన కంటోన్మెంట్ చెట్టుకే దొరికింది. మధ్యాహ్నం మామయ్యగారిని అశోకా రోడ్డులో తెలుగు క్యాంటీనుకు తీసుకెళ్ళి మన భోజనం పెట్టించాను. పప్పూ గోంగూరా చూసి ఆయన మొహం విప్పారింది. అక్కడ వడ్డించే మనిషిది బందరు. దివి అనగానే చెయ్యి ఆగిపోయింది, తర్వాత నెయ్యి రెండుసార్లు వేశాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఏరువాక దగ్గర పడుతోందమ్మాయ్ అన్నారు. వినపడనట్టు బస్సు నంబరు చూశాను.

తర్వాత దారి పొడుగునా ఆయన మళ్ళీ అడగలేదు. ఇక అడగరేమో, అదొక హాయి.

ఏప్రిల్ 12

డాక్టర్ మాథుర్ స్వయంగా వైర్‌హౌస్‌కి వచ్చారు. మూడో వరస ముందు వంగి, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూశారు. ఈ పాత రకం వేళ్ళలో ఏదో ఉంది అన్నారు. జూన్‌లో జరిగే సెమినార్‌కి పేపరు సంక్షిప్తం పంపుదాం, నీ పేరు ముందు, నా పేరు వెనక, అన్నారు. ఆయన అలా అనడం నేనింతకు ముందు వినలేదు, ఎవరూ విన్నామనలేదు.

ఇంటికొచ్చి మామయ్యగారికి చెప్పాను. మీరు నీళ్ళు పోసిన చెయ్యి మంచిది అన్నాను. ఆయన గరిటె పట్టుకుని అలా నిలబడి, "ఆ మొక్కలు బతికితే నీకు మంచిదా అమ్మాయ్?" అన్నారు. మంచిదే, చాలా మంచిది అన్నాను.

ఏప్రిల్ 16

సంక్షిప్తం పంపేశాం. నాలుగు రోజులుగా భూమ్మీద నడవడం లేదు. లక్ష్మీపతికి ఉత్తరం రాశాను, అంతా మొక్కల గురించే. నాన్నగారు బాగున్నారని చివర ఒక ముక్క.

ఏప్రిల్ 20

ఏం రాయను. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. ఈ సామెత ఇంత సరిగ్గా ఎవరికీ అతికి ఉండదు.

ఏప్రిల్ 21

నిన్న రాయలేకపోయాను. రాస్తాను.

నిన్న క్యారియరు విప్పి తినబోతుంటే కొలబద్ద వైర్‌హౌస్‌లో మర్చిపోయానని గుర్తొచ్చింది. తినకుండానే వెళ్ళాను. జాలీ అవతలి నుంచే కనిపించింది. మామయ్యగారు మూడో వరస ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. మూత చెంబులోంచి ఒక్కో కుండీకి ఇంతింత పోస్తున్నారు, తెల్లగా. "తాగమ్మా, తాగు" అంటున్నారు. గేదె ముందు తొట్టి పెట్టి అనే తీరు.

కడుగు. ఇంట్లో బియ్యం కడిగిన కడుగు. అందులో బియ్యపు తవుడుంది, తవుడు నిండా మెగ్నీషియం ఉంది. కడిగిన ఢిల్లీ కుళాయి నీళ్ళు సరేసరి. ఆ చీమలు దేనికొచ్చాయో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తేలేది. నేను వాటి మీద గమాక్సిన్ చల్లించాను.

నేను అరవలేదు. అరిస్తే బాగుండేది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. హోలీకి ముందు నుంచే అన్నారు. ఈ ఒక్క వరసకే ఎందుకు అన్నాను. అన్నిటికంటే ఇవే నీరసంగా ఉన్నాయి, చెంబెడు కడుగు రెండు వరసలకు చాలదు అన్నారు. ఏ సైంటిస్టుకైనా ఇంతకంటే సబబైన జవాబు దొరకదు.

 స్టూలు మీద కూర్చున్నాను. పేపరు వెళ్ళిపోయింది మామయ్యా, నా చదువు పోయింది, ఇంకేమీ తగలకూడదని మీకు చెప్పానుగా అన్నాను.

"చెప్పావమ్మా. విన్నాను. విని ఊరుకుందామనే అనుకున్నాను. కడుగు పారబొయ్యటానికి చెయ్యి రాక తెచ్చాను మొదట్లో. ఇక్కడ ఎక్కడన్నా గొడ్డు కనపడితే తాపుదామని. ఇవి కనపడ్డాయి."

అంతటితో ఆగి ఉంటే నేను కోపం పెట్టుకునేదాన్ని. ఆయన చెంబుకు మూత పెడుతూ, నా వైపు చూడకుండా అన్నారు:

"నా మట్టి సంగతి నువ్వు చెప్పట్లేదు. చదువుకున్నదానివి, నోటితో చెప్పలేక తప్పిస్తున్నావు. అది చచ్చిందని నాకు అర్థమైపోయింది. ఆమె పోయింది, గొడ్లు పోయినై, నేలా పోయింది. ఇయ్యన్నా ఒకటి బతుకుద్దేమోనని పోశా."

చావలేదని అప్పుడే చెప్పాల్సింది. నిన్నంతా చెప్పలేదు.

ఇప్పుడు ఇక్కడ రాస్తాను, ఇక్కడైనా. ఆయన దగ్గు వల్ల నేను చెప్పలేదన్నది అబద్ధం. ఇంటి కప్పు వల్లా కాదు. నేలకు వైద్యం ఉందని చెప్తే వెళ్ళిపోతారు. వెళ్ళిపోతే సాయంత్రం నేనే తాళం తీసుకోవాలి. అన్నం ఉండదు. గుమ్మంలో లైటు ఉండదు. అందుకు. కొడుకును పోగొట్టుకోలేదు గాని మిగతా అన్నీ పోగొట్టుకున్న మనిషి దగ్గర నేను రెండు నెలలు ఆయన పొలం దాచుకున్నాను. ఆ దాపరికమే తిరిగొచ్చి నా మూడో వరసలో పడింది. కడుగు పోసింది ఆయన చెయ్యి, పోయించింది నేను.

ఏప్రిల్ 21, మళ్ళీ

చెప్పేశాను. అన్నం తింటుండగా చెప్పాను. మీ నేల చావలేదు మామయ్యా, ఉప్పు పట్టింది అంతే, మంచినీళ్ళతో కడగొచ్చు, నాకు ఫిబ్రవరిలోనే తెలుసు.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఫిబ్రవరిలోనా, అన్నారు. అవునన్నాను. ఎందుకు చెప్పలేదని అడుగుతారని కూర్చున్నాను. అడగలేదు. జిప్సం ఎకరానికి ఎంత పడుతుందని అడిగారు.

ఏప్రిల్ 24

డాక్టర్ మాథుర్‌కు చెప్పాను. మూడో వరసకు బయటి నీళ్ళు తగిలాయి, సంక్షిప్తం వెనక్కి తీసుకోవాలి అన్నాను. ఎవరు పోశారన్నారు. మా మామగారు, కానీ పొరపాటు నాది, ఆయనకు నేను చెప్పాల్సింది చెప్పలేదు అన్నాను. నీళ్ళ గురించి చెప్పలేదా అన్నారు. నీళ్ళ గురించి చెప్పాను, వేరేది చెప్పలేదు అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాత రకాన్ని జూలైలో మళ్ళీ విత్తు, పొడిగింపుకు రాస్తాను, ఫెలోషిప్ డబ్బులు మాత్రం రావు అన్నారు. కొత్త రకం లెక్కలు నిలుస్తాయి.

బయటికొస్తుంటే పిలిచి, చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదా అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో తెలియలేదు.

కిషన్‌లాల్‌కు లడ్డూలు పట్టుకెళ్ళాను. తీసుకున్నాడు. ఇంకా మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 30

మూటలో మిగిలిన మట్టిని ఒక కుండీలో పోశాం, మూడో వరస కుండీయే, ఖాళీ చేసి కడిగింది. క్వార్టర్ పెరట్లో రెండు ఇటుకల మీద పెట్టి, కింద పళ్ళెం పెట్టి, పైన నీళ్ళు పోశాం. నీళ్ళు దిగవు. నల్లరేగడికి ఉప్పు పట్టి బిరుసెక్కి, పైన అద్దంలా నిలబడిపోయాయి. మామయ్యగారు సాయంత్రం దాకా కూర్చుని చూశారు. చూశావా, తాగదు అన్నారు.

మే 3

జిప్సం తెచ్చి కలిపాను. అందులోని కాల్షియం వచ్చి కూర్చుంటే సోడియం, మెగ్నీషియం లేచి నీళ్ళతో పోతాయని చెప్పాను. రైల్లో సీటు మారినట్టా అన్నారు. అవునన్నాను. జనరల్ బోగీలో అయితే లేవరే అన్నారు.

ఉప్పెన తర్వాత ఆయన వేళాకోళం ఆడటం ఇదే చూడటం.

మే 6

పొద్దున బయట వడగాలి మొదలవుతుండగా పెరట్లోంచి కేక. నీళ్ళు దిగుతున్నాయి. పళ్ళెంలో చుక్క, తర్వాత ఇంకో చుక్క. మామయ్యగారు వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. ఉప్పే, అన్నారు, కన్నీళ్ళతో. నేను ఆ నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకు తీసుకెళ్ళాను. ఆయన నాలుక చెప్పిందే, నా మీటరూ చెప్పింది. మళ్ళీ పోశాం.

మే 14

పళ్ళెంలో నీళ్ళు ఇప్పుడు ఉప్పగా లేవట. మీటరు ఇంకా ఉందంటోంది. మీటరు మాట వినండి అన్నాను. సరేనన్నారు. వరి సెక్షన్లో అడిగి గుప్పెడు విత్తనం తెచ్చాను.

మే 17

మామయ్యగారు ఊరికి పోతానంటున్నారని నేను రాసినదానికి లక్ష్మీపతి ఉత్తరం. నాన్నని ఆపలేవా అని. ఆపగలను, రెండు నెలలు ఆపాను అని రాశాను. ఎలా ఆపానో కూడా రాశాను. పోస్టు చేసి వచ్చాను.

మే 24

జి.టి. ఎక్స్‌ప్రెస్. మామయ్యగారిని ఎక్కించడానికి వెళ్తే స్టేషన్లో రద్దీ. సంచీలో ఎకరానికి ఎంత జిప్సం, గట్టు ఎంత ఎత్తు అని నేను తెలుగులో రాసిచ్చిన కాగితం ఉంది. దాన్ని చొక్కా లోపలి జేబులోకి మార్చుకున్నారు. ఊళ్ళో ముందు దేవాలయం వసారాలో ఉంటారట, కప్పు వేయించే దాకా. దగ్గు మందు పెట్టాను.

కుండీలో మొన్న విత్తనాలు చల్లారు. కిటికీలోంచి ఆయన చెప్పింది దాని గురించే, ఎండలు ముదిరినై, పొద్దున ఒకసారి, మాపటేల ఒకసారి నీళ్ళు పొయ్యమ్మా అని. పోస్తానన్నాను. రైలు కదిలాక నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మే 25

తాళం తీసుకుని వచ్చాను. రొట్టె ముక్క తిని పడుకున్నాను.

జూన్ 1

మొలకలు. మూడు. ఒకటి కొస ఎండింది.

జూన్ 20

ఏరువాక పున్నమి. మామయ్యగారి కార్డు వచ్చింది. గట్లు పడ్డాయి, జిప్సం దొరికింది, వాన ఇంకా రాలేదు, కుండీ ఎట్లా ఉంది. అంతే రాశారు.

కుండీలో రెండు మొక్కలు నిలబడ్డాయి. కింది ఆకులు కూడా పచ్చగానే ఉన్నాయి.

ఇవాళ పండగ పూట రొట్టె ఏమిటని బియ్యం కడిగాను. ఒక్కదానికి కాసినే. కడుగు గిన్నె పట్టుకుని అలవాటు చొప్పున తూము దాకా వెళ్ళాను. వంచలేకపోయాను. గిన్నె అలాగే పట్టుకుని నిలబడి ఉండగా, గొడ్డు నోటి దగ్గరిది మట్టిలో పోశావు అన్న మాట అత్తయ్యగారి గొంతుతోనే వినపడింది. అప్పుడు ఏడ్చాను. నవంబరు నుంచి ఆవిడ కోసం ఏడవలేదు. మామయ్యగారు బాగానే ఉన్నారు, నేనూ బాగానే ఉన్నాను అని రాసుకుంటూ వచ్చాను.

తర్వాత పెరట్లోకి వెళ్ళి కుండీ ముందు కూర్చుని పోశాను. ఈ కుండీకి కొలతలు తీసుకోవడం లేదు, దీనికి ఏం తగిలినా ఫరవాలేదు. తాగమ్మా అన్నాను. పక్క క్వార్టర్ పిల్లాడు గోడ మీదుగా చూసి, ఆంటీ ఎవరితోనో మాట్లాడుతున్నారు అని హిందీలో లోపలికి చెప్పాడు.

గిన్నె కడిగి బోర్లించాను. రేపు జూలై పంట కోసం ఇసుక కడగడం మొదలెట్టాలి.